కొంగలు వెళ్లాకే కోడలు

తిరువూరు,
జూన్ 28.

ఇందిరాదేవి వదినగారికి మాణిక్యమ్మ నమస్కారాలు.

మేం క్షేమంగా చేరాం. మీరు పెట్టిన పూలూ పళ్లూ స్వీట్లూ కారు వెనక సీటులో హాయిగా పడుకుని వచ్చాయి. ఆ సీటులో కూర్చుని రావలసిన మా శ్రీదుర్గ మాత్రం రాలేదు. శ్రీమంతానికని తెనాలి వెళ్లి, కడుపుతో ఉన్న కూతుర్ని తీసుకురాకుండా తిరిగొచ్చానంటే మా వీధిలో ఒక్కరూ నమ్మడం లేదు. లోపలి గదిలో పడుకుందేమోనని తొంగి చూసి మరీ వెళ్తున్నారు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటి అనుకోకండి. మీ గొంతూ పెద్దదే, నా గొంతూ పెద్దదే. మొన్న మనం ఫోన్లో మాట్లాడుకుంటుంటే పోట్లాడుకుంటున్నామని పిల్లలు కంగారుపడ్డారట. నిజంగా పోట్లాడుకుంటున్నాం కూడా అనుకోండి. "మీరిద్దరూ ఇక ఉత్తరాలు రాసుకోండి" అని అల్లుడు సతీష్ వేళాకోళం చేశాడని అమ్మాయి చెప్పింది. వేళాకోళానికన్నా మంచి మాటే అన్నాడు. ఉత్తరంలో అయితే ఒకరి మాటకు ఇంకొకరు అడ్డం రావడం కుదరదు.

ఇక అసలు సంగతి. శ్రీమంతానికి పిలవడానికి మీరు మా ఇంటికి వచ్చిన రోజున కొంగ రెట్ట మీ కంచిపట్టు చీర మీద పడింది. నిజమే. నేను కాదనడం లేదు. అది పడ్డ చోటు కూడా బాగాలేదు, సరిగ్గా భుజం మీద, అందరూ చూస్తుండగా. కానీ దానికి "ఆ కొంగలు వెళ్లాకే నా కోడలిని పంపేది" అని శ్రీమంతం పీటల దగ్గర ముత్తయిదువలందరి ముందూ ప్రకటించాలా వదినగారూ? మొదటి పురుడు పుట్టింట్లో పోయాలి. అది మా హక్కు.

ఆ కొంగలను మేం పిలవలేదు. పోయినేడు వరకు వినగడప వైపు చెరువు గట్టు చెట్ల మీద ఉండేవి. ఆ చెట్లు కొట్టేశారట. ఈ ఏడు తొలకరి పడగానే నేరుగా మా దొడ్లో చింతచెట్టు మీద దిగాయి. ఒక్కొక్కటీ నడుం ఎత్తున ఉంటుంది. ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనిపిస్తుంది. పొలాల్లో నత్తల్ని ఏరుకు తింటాయి కాబట్టి మా పనిమనిషి అక్కమ్మ వాటిని నత్తకొంగలంటుంది. పగలంతా కట్టలేరు వైపు మేతకు పోయి, సాయంత్రానికి మా ఇంటికి చేరతాయి. ఆ తర్వాత దొడ్లోకి వెళ్లాలంటే గొడుగు వేసుకోవాలి.

ఎనిమిదో నెలలో ఎలాగూ ప్రయాణం చేయించరు. తొమ్మిదో నెల పెట్టగానే కారు తీసుకుని నేనే వస్తాను. అప్పటికి చెట్టు మీద ఒక్క కొంగ ఉంటే నన్నడగండి.

మీ అన్నయ్యగారు మీ అందరినీ అడిగామని రాయమన్నారు.

మీ
మాణిక్యమ్మ


తెనాలి,
జూలై 6.

మాణిక్యమ్మ వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడితే ఎవరో పోయారనుకుని మీ అన్నయ్యగారు చొక్కా వేసుకుని తయారయ్యారు. మా ఇంటికి ఉత్తరం వచ్చి అన్నేళ్లయింది మరి.

చీర డ్రై క్లీనింగుకి ఇచ్చాను. "ఇదేం మరకండీ" అని అడిగాడు. కొంగ అని చెప్పలేక పెరుగు అన్నాను. "ఏం పెరుగండీ, చీర రంగే మారిపోయింది" అన్నాడు. మీకు హక్కులున్నట్టే నాకూ ఉన్నాయి. బాలింతా పసిగుడ్డూ ఉండే ఇంటి మీద రోజూ సాయంత్రం ఆ వాన కురుస్తుంటే చూస్తూ పంపలేను. ఇక్కడి డాక్టరమ్మ కూడా పక్షుల రెట్టల దగ్గర పసిపిల్లల్ని ఉంచకపోవడం మంచిదనే చెప్పింది. కొంగలు వెళ్లిన రోజున మీ అమ్మాయిని నేనే దింపి వెళ్తాను.

అమ్మాయి బాగుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం మేడ మీద నడుస్తున్నాం. నేను నడుస్తూ ఊళ్లో సంగతులు చెబుతాను, తను ఆఫీసు సంగతులు చెబుతుంది. నాకు దానిది అర్థం కాదు, దానికి నాది అర్థం కాదు, అయినా గంట ఇట్టే గడిచిపోతుంది.

అన్నట్టు, మీ ఇంట్లో బాలింతకు పథ్యం ఎలా ఉంటుంది? ఏం పెడతారు, ఏం పెట్టరు, వివరంగా రాయండి. ఊరికే తెలుసుకుందామని.

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఇందిరాదేవి


తిరువూరు,
జూలై 19.

వదినగారికి,

ఆలస్యమైంది, ఏమనుకోకండి. కొంగలతో యుద్ధంలో ఉన్నాను.

మొదట నేనూ అక్కమ్మా సాయంత్రం కాగానే గరిటెలు పట్టుకుని స్టీలు పళ్లాలు వాయించాం. మొదటి రోజు అన్నీ లేచిపోయాయి. నేనెంత సంతోషపడ్డానంటే అక్కమ్మకు టీతో పాటు జంతికలు కూడా పెట్టాను. రెండో రోజు కాసేపు ఆలోచించి లేచాయి. తర్వాత లేవడమే మానేశాయి. పైగా మేం పళ్లెం వాయిస్తే అవి ముక్కులు టకటకలాడించడం మొదలుపెట్టాయి. కచేరీ అన్నమాట!

మా బట్టల కొట్లో పాత సీడీలు పడి ఉంటే దారాలు కట్టి కొమ్మలకు వేలాడదీశాం. ఎండకు తళతళ మెరిశాయి. ఎండ ఉన్నంతసేపూ కొంగలు ఇంట్లో ఉండవుగా! అవి వచ్చేసరికి సూర్యుడు వెళ్లిపోతున్నాడు.

తర్వాత మీ అన్నయ్యగారు దీపావళికి మిగిలిన బాంబులు బయటికి తీశారు. ఒక్కటంటే ఒక్కటి పేల్చారు. కొంగలన్నీ లేచి పక్కింటి శౌరయ్య మాస్టారి డాబా మీద వాలాయి. వాళ్లింట్లో అప్పుడే సాయంత్రం ప్రార్థన జరుగుతోంది. ఆయన బైబిలు చేత్తో పట్టుకునే బయటికొచ్చి, "చెల్లెమ్మా, మీ కొంగలు మా ఇంటికొచ్చాయి" అన్నారు. "మా"వి అట! నేనేమన్నా పెంచుకుంటున్నానా? ఆయన మంచివారు కాబట్టి అంతటితో పోయింది. బాంబులు పట్టుకెళ్లి అటక మీద పడేశాను.

అటవీ శాఖాయన్ని కూడా పిలిపించాం. రాళ్లు వెయ్యకూడదు, దెబ్బ తగలకూడదు, గూళ్లు కట్టకముందే కొమ్మలు నరికించుకుంటే మెల్లగా అవే ఇంకోచోటు చూసుకుంటాయి అన్నాడు. కొమ్మలు నరకడానికి మనిషిని ఎక్కించాం. సగం నరికాక అతని నెత్తిన రెట్ట పడింది. దిగి, స్నానం చేసి, ఇక మళ్లీ రాలేదు.

ఇప్పుడు దిష్టిబొమ్మ వంతు. అది మీ అన్నయ్యగారే స్వయంగా కట్టి చెట్టెక్కించారు. నేను కొట్లో ఉన్నాను, ఇంకా సరిగ్గా చూడలేదు. బ్రహ్మాండంగా కుదిరిందని ఫోటో తీసి అల్లుడుగారికి కూడా పంపారట. రెండు రోజులుగా కొంగలు ఆ కొమ్మ వైపు రావడం లేదు. దారిలో పడినట్టే ఉంది.

పథ్యం అడిగారు. ఈ విషయంలో మా ఇంటికి పేరుంది వదినగారూ! పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నువ్వుల నూనె. పొద్దున్నే శొంఠీ మిరియాలూ దంచి బెల్లంతో చేసిన కాయం ముద్ద. కూరలూ పప్పూ పెరుగూ దగ్గరికి రానివ్వను. చెవుల్లో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి పొగ, తలుపులు మూసిన గది. అన్నిటికన్నా ముఖ్యం, మంచినీళ్లు. గొంతు తడుపుకోవడానికి తప్ప ఇవ్వను. మరీ దాహమంటే తమలపాకు నమలమంటాను. పెద్దమ్మాయి సాయిప్రసన్న పురుడు ఇలాగే పోశాను. ఇవాళ్టికీ దానికి నడుం నొప్పంటే ఏంటో తెలీదు.

అమ్మాయి ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది. ఆయాసమా? కాస్త చూడండి.

మీ
మాణిక్యమ్మ


తెనాలి,
జూలై 27.

శ్రీమతి మాణిక్యమ్మగారికి,

మీ భర్తగారు పంపిన ఫోటో మా అబ్బాయి నాకు చూపించాడు. అమ్మాయి వద్దంటున్నా చూపించాడు. వాడికి ఇటువంటివి అర్థం కావు.

దిష్టిబొమ్మ బాగుంది. కుండ తలకాయ, కాటుక కళ్లు, గడ్డి చేతులు. దాని ఒంటి మీద చిలకాకుపచ్చ చీర, గులాబీ అంచు. ఆ చీర పెళ్లిలో నేను మీకు పెట్టింది. నాలుగు షాపులు తిరిగి, "మా వియ్యపురాలికి, కాస్త మంచిది చూపించండి" అని అడిగి మరీ తెచ్చాను.

బట్టల కొట్టున్న ఇంట్లో దిష్టిబొమ్మకు కట్టడానికి నా చీర తప్ప ఇంకేం దొరకలేదా?

ఇంతకన్నా రాయడానికి నాకేం లేదు.

ఇట్లు,
కె. ఇందిరాదేవి


తిరువూరు,
ఆగస్టు 5.

వదినగారికి, మాణిక్యమ్మ నమస్కారాలు. తల వంచుకుని పెడుతున్న నమస్కారాలు.

తప్పే. మీ ఉత్తరం చదివాకే వెళ్లి ఆ చీర చూశాను. మనిళ్లలో సంగతి మీకు తెలియనిదేముంది? ఎవరో పెడతారు, మనం కట్టం, ఇంకెవరికో పెట్టడానికి మూటలో దాస్తాం. ఆ మూటలోంచి కంటికి బాగా కనబడే చీర ఏదా అని వెతికి మీ అన్నయ్యగారు దాన్ని లాగారు. అది మీరు పెట్టిన చీరని ఆయనకు తెలీదు. మూటలో ఉందని మాత్రం నాకు తెలుసు. చిలకాకుపచ్చ నా ఒంటికి నప్పదు వదినగారూ, నేను నల్లగా ఉంటాను. ఆ మాట అప్పుడే మీతో చెప్పి రంగు మార్చుకుని ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు.

చీర దింపి ఉతికించి మడత పెట్టాను. అయినా దిష్టిబొమ్మ ఏమీ వెలగబెట్టలేదు. వారం తిరక్కుండానే దాని నెత్తిన ఒక కొంగ కూర్చుని చుట్టూ చూస్తోంది.

ఇంకో పిడుగు కూడా పడింది. చెట్టు మీద పుల్లలు పేర్చి గూళ్లు కట్టేశాయి. గుడ్లు కూడా పెట్టాయట. పళ్లెం పట్టుకో అంటే అక్కమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "పురిటికొచ్చినోళ్లని తరమమంటారేంటమ్మా, నా వల్ల కాదు, కావాలంటే నాలుగు రోజులు పనికి రానులెండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా కూతురు రాలేదు గానీ, మండలంలో ఉన్న కొంగలన్నీ నా ఇంటికే పురిటికొచ్చాయి! అటవీ శాఖాయన కూడా, గుడ్లు పెట్టాక ఇక ముట్టుకోవద్దు, పిల్లలు ఎగిరేదాకా ఆగాల్సిందే అన్నాడు. అంటే మన అమ్మాయి పురుడు కూడా అయిపోతుంది.

అందుకని నేనొక నిర్ణయానికి వచ్చాను. కొంగలు కదలవు కాబట్టి నేనే కదులుతాను. బోసు సెంటరుకి అవతల, ఆసుపత్రికి దగ్గర్లో ఒక ఇల్లు చూశాను. కొత్తది, టైల్స్ వేశారు, చుట్టుపక్కల చెట్టన్నదే లేదు. సామాను సర్దడం మొదలుపెట్టాను. పురుడు అక్కడ పోస్తాను. కొంగలు లేని ఇల్లు, మీకు ఇక ఏ అభ్యంతరమూ ఉండదు. ఈ నెల ఇరవై తర్వాత మంచిరోజు చూసి ఎప్పుడు రమ్మంటారో రాయండి.

చీర సంగతి మనసులో పెట్టుకోకండి. పెట్టుకున్నా, ఆ కోపం అమ్మాయి ప్రయాణం మీద చూపించకండి.

మీ
మాణిక్యమ్మ


తెనాలి,
ఆగస్టు 14.

వదినగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను.

మీరు ఇల్లే మారుస్తానంటారని నేను కలలో కూడా అనుకోలేదు. ఇల్లు మార్చకండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. కొంగల వల్ల కాదు వదినగారూ. చీర వల్ల కూడా కాదు. నా చీర మీద ఆ కొంగ సరైన సమయానికి రెట్ట వేసింది, అంతే. నాకు ఒక వంక దొరికింది.

రానన్నది అమ్మాయి.

శ్రీమంతానికి పది రోజుల ముందు మేడ మీద నడుస్తూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నన్ను తిరువూరు పంపకండి అత్తయ్యా" అంది. ఇంట్లో ఏం గొడవలున్నాయోనని భయపడ్డాను. అది కాదు. తను ఇంటర్ చదివేటప్పుడు వాళ్లక్కయ్య పురుడు మీ ఇంట్లో చూసిందట. దాహం దాహం అని సాయిప్రసన్న ఏడవడం, తలస్నానం తర్వాత తలకు కట్టిన తడిగుడ్డ కొస నోట్లో పెట్టుకుని చప్పరించడం, తను నీళ్లు తీసుకెళ్తే మీరు గ్లాసు లాక్కోవడం, అన్నీ చెప్పింది. "అమ్మంటే నాకు ప్రాణం. కానీ ఆ గదిలోకి మాత్రం వెళ్లను. ఈ మాట అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు. ఏదో ఒకటి మీ మీద పెట్టుకోండి" అంది.

పెట్టుకున్నాను. గయ్యాళి అత్తగారంటే జనం వెంటనే నమ్ముతారు, పెద్దగా కష్టపడక్కర్లేదు. పథ్యం గురించి మిమ్మల్ని ఎందుకు అడిగానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఈ మధ్య మారి ఉంటారేమో, అలా అయితే అమ్మాయికి చెప్పి ఒప్పిద్దామనుకున్నాను. మీ జవాబు చదివి అమ్మాయికి చూపించకుండా దాచేశాను.

మీరు పళ్లాలు వాయిస్తున్నారని చదివి నవ్వాను. సామాను సర్దుతున్నారని చదివాక నవ్వలేకపోయాను. అందుకే చెబుతున్నాను. నన్ను ఎన్నయినా అనండి, అమ్మాయిని ఏమీ అనకండి.

ఇందిర


తిరువూరు,
ఆగస్టు 19.

ఇందిరాదేవిగారికి,

ఉత్తరం అందింది. ఆ ఇల్లు వద్దని చెప్పేశాం. సామాను మళ్లీ సర్దుకున్నాం.

మాణిక్యమ్మ


తెనాలి,
ఆగస్టు 25.

వదినా,

ఫోను చేస్తే ఎత్తడం లేదు. అన్నయ్యగారు ఎత్తి, "పూజలో ఉంది" అంటున్నారు. పొద్దున పూజ, మధ్యాహ్నం పూజ, సాయంత్రం పూజ. అన్ని పూజలు చేసే మనిషివి కాదు నువ్వు. నువ్వు అనేస్తున్నాను, ఏమనుకోకు.

నీకు చెప్పేశానని అమ్మాయికి తెలిసిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "మీ మీద నమ్మకంతో చెప్పాను కదా అత్తయ్యా" అని ఒక్క మాట అని లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు నాకు తల్లితోనూ చెడింది, కూతురితోనూ చెడింది. మేడ మీద నడక కూడా ఆగిపోయింది.

నువ్వే ఇక్కడికి రా. పురుడు తెనాల్లో పోద్దాం. గది ఉంది, మంచం ఉంది, నువ్వూ నేనూ చెరోవైపు కూర్చుందాం. పుట్టింట్లో పోయలేదని మీ వాళ్లెవరైనా అంటే, వియ్యపురాలు పట్టుబట్టిందని చెప్పు. ఆ పేరు నాకు ఎలాగూ వచ్చేసింది.

జవాబు రాయి. రెండు లైన్లు కాదు, ఉత్తరం రాయి.

ఇందిర


తిరువూరు,
సెప్టెంబరు 1.

వదినా,

నీ మీద కోపం లేదు. మొదట్లో ఉంది. నీ మీద, దాని మీద, కొంగల మీద, చివరికి పాలు పోసే మనిషి మీద కూడా. అందరినీ ఒక చుట్టు చుట్టి వచ్చాక గుంటూరులో ఉన్న పెద్దమ్మాయికి ఫోన్ చేశాను. "నీకు నీళ్లివ్వకుండా ఏడిపించానా?" అని అడిగాను. సాయిప్రసన్న పకపకా నవ్వింది. "ఇప్పుడా అడిగేది! నువ్వు కొట్టుకెళ్లగానే నాన్న సీసాతో నీళ్లు తెచ్చి దిండు కింద పెట్టేవారు. లేకపోతే ఏమైపోయేదాన్నో" అంది. మీ అన్నయ్యగారిని నిలదీస్తే, "పిల్ల ఏడుస్తుంటే చూస్తూ ఎలా ఊరుకోమంటావే, పోనీ నీకు చెప్పి ఇస్తే ఊరుకునేదానివా?" అని కొట్లోకి వెళ్లిపోయారు. నా పథ్యం వల్లే దానికి నడుం నొప్పి రాలేదని ఇన్నేళ్లూ ఊరందరికీ చెప్పుకున్నాను వదినా! సిగ్గుతో చచ్చిపోయాను.

మా అమ్మ నాకూ ఇలాగే చేసింది. అప్పుడు ఏడ్చానో లేదో గుర్తు లేదు. ఏడ్చే ఉంటాను.

ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరమ్మను కూడా అడిగాను. నాకు కాదు, మా బంధువులమ్మాయికి అని అడిగాను. ఆమె నన్ను చూసిన చూపు నువ్వు చూడలేదు. నీళ్లు తాగకపోతే పాలెక్కడి నుంచి వస్తాయి అంది. పప్పు, కూరలు, పెరుగు, అన్నీ పెట్టమంది. వాటిల్లో నేను పెట్టేది ఒక్కటీ లేదు.

ఇంతకీ నాకు బాధ ఎక్కడంటే, శ్రీదుర్గ నా దగ్గర భయపడి నీ దగ్గర ఏడ్చింది. నీ కొంగు పట్టుకుని నా మీద చెప్పుకుంది. కన్నదాన్ని నేను. ఆ మాట మింగడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది, ఇంకా పూర్తిగా దిగలేదు.

ఇక అమ్మాయిని రమ్మని అడగను. తనకు ఎక్కడ బాగుంటే అక్కడే పురుడు. తెనాలి రమ్మంటే వస్తాను, వద్దంటే ఫోన్లో చూసుకుంటాను. నా చేతుల మీదుగా జరగాలని ఎంత ఆశ పెట్టుకున్నానో దానికి చెప్పకు. ఈ ఉత్తరం దానికి చూపించకు.

మాణిక్యం


తెనాలి,
సెప్టెంబరు 6.

వదినా,

చూపించాను.

ఒకసారి చదివింది. లోపలికెళ్లి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది, చేతిలో బ్యాగు ఉంది. "అమ్మ రమ్మని అడగనంది కదా, ఇక వెళ్తాను" అంది. ఏం మనస్తత్వమో మీ పిల్లది! ఆ కొంగల మాటేంటే అంటే, "వాటి పురుడు వాటిది, నా పురుడు నాది" అంది.

గురువారం బయలుదేరి వస్తున్నాం. శుక్రవారం ఆడపిల్లను పంపకూడదు కాబట్టి గురువారమే. దింపి, కాఫీ తాగి, వెనక్కి వచ్చేస్తాను. మీ అన్నయ్యగారికి షుగరు, వేళకు పెట్టకపోతే ఊరుకోరు. ఇక్కడి డాక్టరమ్మ రాసిచ్చిన తిండి వివరాలు అమ్మాయి బ్యాగులో ఉన్నాయి. కాయం మాత్రం నువ్వు చేసిపెట్టు. అది తింటానని ఒప్పుకుంది.

ఒక్క మాట చెప్పాలి. కొంగలని వంక పెట్టింది దాని కోసమే. కానీ ఆ వంక నాకు హాయిగా ఉంది. ఆఫీసు వేళ అయిపోగానే లాప్‌టాప్ మూసి "అత్తయ్యా, రండి నడుద్దాం" అని పిలిచేది. మా అబ్బాయికి మాటలు తక్కువ, ఈయనకు టీవీ. ఈ ఇంట్లో నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు. అది బట్టలు సర్దుకుంటుంటే నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. అది నీ కూతురే, నీ దగ్గరికే వస్తోంది, తెలుసు. అయినా ఏడుపొచ్చింది.

జాగ్రత్తగా చూసుకో.

ఇందిర


తిరువూరు,
సెప్టెంబరు 21.

వదినా,

నీకు మనవరాలు పుట్టిన సంగతి అల్లుడుగారు నిన్న మధ్యాహ్నమే ఫోన్లో చెప్పారు. డాక్టరమ్మ చెప్పిన తేదీకన్నా ముందే తొందరపడింది. నువ్వూ అన్నయ్యగారూ దార్లో ఉన్నారట, ఇంకాసేపట్లో మా గుమ్మంలో దిగుతారు. అయినా వంటింట్లో కూర్చుని గబగబా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇవాళ చేతికి ఇవ్వను. పోస్టులో వేస్తాను. మీరు తెనాలి తిరిగి వెళ్లాక నీకు అందాలి. ఆ ఇంట్లో నువ్వు ఒక్కదానివే మేడ ఎక్కే వేళకు చదువుకోవాలి.

తల్లీ బిడ్డా బాగున్నారని ఇవాళ పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. పిల్ల ముచ్చటగా ఉంది. ముక్కు మీవాళ్లది, గొంతు మనిద్దరిదీ. దొడ్లోకి వెళ్లే దారికీ గది కిటికీకీ పైన టార్పాలిన్ కట్టించాం. చుక్క కూడా పడదు. చెట్టు మీద కొంగపిల్లలు రెక్కలు విదిలిస్తూ గోల చేస్తున్నాయి, ఇది దాన్ని మించి గోల చేస్తోంది. అమ్మాయికి పప్పన్నం తినిపించాను. పక్కన మంచినీళ్ల బిందె పెట్టాను, ఎన్నిసార్లు తాగిందో నేను చూడలేదు. కావాలనే చూడలేదు. పొద్దున "అమ్మా, కాయం బాగుంది" అంది. అంతకన్నా నాకేం కావాలి?

నీకు ఎదురుగా నిలబడి చెప్పలేనిది ఒకటుంది. అందుకే ఈ రాత.

నిన్న నొప్పులు ఎక్కువయ్యాక నన్ను లోపలికి రానిచ్చారు. అది నా చెయ్యి పట్టుకుంది. గాజులు విరిగేంత గట్టిగా పట్టుకుంది. ఇన్ని నెలలూ నేను కొట్లాడింది ఆ ఘడియలో పక్కనుండడానికేగా! అనుకున్నట్టే ఉన్నాను. నొప్పి వచ్చిన ప్రతిసారీ "అత్తయ్యా" అని అరిచింది. ఎవరైనా "అమ్మా" అంటారు వదినా. ఇది నా చెయ్యి పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ "అత్తయ్యా" అంది.

కోపం రాలేదంటే అబద్ధం. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఎవరూ నిన్ను అంతలా పిలవరు, నువ్వు దాన్ని అంతలా చూసుకుని ఉండకపోతే. నా కూతురికి పరాయింట్లో ఒక అమ్మ దొరికింది. అది నాకు కష్టంగానూ ఉంది, కడుపు నిండినట్టుగానూ ఉంది.

పక్కనున్న నర్సు నా చెయ్యి తట్టి, "అత్తగారా అండీ మీరు? కోడలికి ఎంత ప్రేమో!" అంది.

అవునన్నాను.

మీ
మాణిక్యం